తాటి నీరా పులియకుండా దించుకునే పద్ధతి

తాటి గెల నుంచి కారే, ఇంకా పులియని తీపి రసమే నీరా. బీరు ధాన్యపు గింజ నుంచి వస్తుంది కనుక, అందులోని పిండిపదార్థాన్ని మొలకెత్తించి ముందుగా చక్కెరగా మార్చవలసి ఉంటుంది. గోదావరి డెల్టా కాలువ గట్ల మీది తాటిచెట్టుకు ఆ శ్రమ లేదు. గెల నుంచి కారే రసంలో సుమారు పదో వంతు చక్కెర సిద్ధంగానే ఉంటుంది. గాలిలోనూ పాత కుండ గోడల్లోనూ ఉన్న ఈస్టు దానిని కొద్ది గంటల్లోనే కల్లుగా మార్చేస్తుంది. కాబట్టి ఇక్కడ పని పులియబెట్టడం కాదు, పులియకుండా ఆపడం.

చెట్టెక్కే పని అనుమతి ఉన్న గీత కార్మికునిదే. నడుముకు చుట్టుకునే తాడు, అంటే మోకు, లేకుండా ఎవరూ ఆ సాహసం చేయరాదు. పోతుతాడి పూగెలనైనా, పెంటితాడి లేత గెలనైనా కొన్ని రోజులు నొక్కి మెత్తబరచి, కొనను ఉదయం, సాయంత్రం పలుచగా కోస్తూ పోతేనే ధార నిలుస్తుంది.

అసలు కిటుకంతా కుండలో ఉంది. వాడిన కుండను వేడినీటితో కడిగి ఎండబెట్టి, లోపల తాంబూలానికి వాడేటంత మెత్తని తడి సున్నాన్ని పలుచగా పూయాలి. సున్నం క్షారగుణం ఈస్టును ఎదగనివ్వదు. పూత మందమైతే నీరా నాలుకను కొరుకుతుంది, బెల్లం నల్లబడుతుంది. నా దృష్టిలో తక్కువ పూసి తొందరగా దించడమే మేలు. గబ్బిలాలు మూతి పెట్టకుండా కుండ నోటిని తడికతో కప్పాలి. బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ సోకింది గబ్బిలాలు మూతి పెట్టిన ఈతరసం ద్వారానే.

సాయంత్రం కట్టిన కుండను సూర్యోదయానికి ముందే దించి, సున్నం అడుగుకు పేరుకునేదాకా కదపకుండా ఉంచి, పైతేటను పలుచని గుడ్డలో వడకట్టి, వెంటనే మరిగించాలి. చెట్టుకు ఎరువు వేయలేదు కనుక ఇది సేంద్రియమని అనడం సులువే. కాని క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందు కలిపిన కల్లు కూడా చెట్టు పేరుతోనే అమ్ముడవుతుంది కాబట్టి, చెట్టు కన్నా కుండను, దించిన మనిషిని తెలిసి కొనడం ముఖ్యం.

బెల్లం కావాలంటే వెడల్పాటి బాణలిలో నురుగు తీస్తూ కాచి, చుక్క చన్నీటిలో ఉండకట్టగానే దించి అచ్చుల్లో పోయాలి. పది లీటర్లకు సుమారు కిలో దిగుతుంది.