పెరటి పూలకు నెలల లెక్క

పూల మొక్కకు ఎరువు ఒక వారం ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. అదను తప్పితే మాత్రం పూయదు. ఆరు గంటల ఎండ తగిలే చోటుంటే మిగతాదంతా నెలల లెక్కే.

బంతికి పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. విత్తిన 60-70 రోజులకు పూత మొదలవుతుంది, చలికాలంలో ఇంకో పది రోజులు పడుతుంది. బతుకమ్మ, దసరాలకైతే జులై మొదట్లో, సంక్రాంతికైతే అక్టోబరు 20 ప్రాంతంలో విత్తాలి. 25 రోజుల నారు తీసి, సాయంత్రం పూట అడుగున్నర దూరంలో నాటండి. నారుమడిలో నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లి మొక్కలు ఒక్క రాత్రిలో ఒరిగిపోతాయి. యూరియా జోలికి పోవద్దు. ఏపుగా ఆకే వస్తుంది.

చామంతి పిలకలు జూన్, జులైల్లో నాటాలి. పన్నెండు అంగుళాల కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. నాలుగు వారాలకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆగస్టు దాటాక తుంచొద్దు. రాత్రుళ్లు పొడుగైతేనే చామంతి మొగ్గ వేస్తుంది. వరండా బల్బు కిందో వీధి దీపం పక్కనో కుండీ పెడితే దానికి రాత్రయినట్టే తెలియదు. పాపం, చాలామంది దీపం సంగతి చూడకుండా ఎరువు మీద ఎరువు పోస్తుంటారు.

ఇక మల్లె. కొత్త చిగుళ్ల కొసల్లోనే మొగ్గ వేస్తుంది కాబట్టి కత్తిరించని పొద ఆకులతోనే సరిపెడుతుంది. నవంబరు చివర నీళ్లు ఆపేయండి. ఆకు వాడి రాలుతుంటే భయపడక్కర్లేదు. డిసెంబరు చివర్లో నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంచి, పైదంతా పదునైన కత్తెరతో కోసేయండి. ఎండుపుల్లలు, సన్నకొమ్మలు మొదలంటా తీసేయాలి. పాదు తవ్వి వారం ఆరనిచ్చి, పొదకు పది కిలోల పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, అప్పుడు నిండా నీళ్లు పెట్టండి. మార్చి నుంచి మొగ్గలు కోసుకోవచ్చు.

మల్లెలో లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు చల్లండి. మొగ్గ ఊదారంగుకు తిరిగి పక్కన చిన్న రంధ్రం కనిపిస్తే లోపల పురుగుంది. అలాంటివి ఏరి కాల్చేసి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం, పూలు కోసుకున్నాక కొట్టాలి.

కనకాంబరం కొంచెం నీడలోనూ పూస్తుంది, ఏడాదిలో చాలా నెలలు. వంగ, టమాటా వేసిన మడిలో మాత్రం పెట్టొద్దు. మొక్క గిడసబారితే ఒకటి పీకి చూడండి. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగు పట్టినట్టే. ఆ పురుగు తగ్గేలా, ఆ మడిలో ఈసారికి బంతి వేసుకోండి.