ఇంట్లో వీడియో తీసే ముందు సరిచూసుకోవలసినవి

దసరా సెలవుల్లో, సిరిమానోత్సవం హడావిడి మొదలుకాక ముందే ఇంట్లో వంటలో, వీణ పాఠాలో చిత్రీకరించాలనుకునే విజయనగరం మిత్రులు ముందుగా వీటిని చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది శబ్దం. నిరుడు మా ముందుగదిలో బొబ్బిలి వీణపై 40 నిమిషాల పాఠం తీశాం. ఫ్యాను తిరుగుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు, మంద్రస్థాయి తంతి మీద నాదం మెల్లగా కరిగిపోయే చోటల్లా ఆ రొదే వినిపించి పాఠమంతా మళ్లీ తీయవలసి వచ్చింది. ఫ్యాను ఆపి, గది ప్రతిధ్వనిస్తుంటే గోడలకు బొంతలు వేలాడదీసి, ఒక్క నిమిషం తీసి ఇయర్‌ఫోన్లతో విన్న తర్వాతే మొదలుపెట్టండి.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కిందనే ఉండాలి. దూరమైన కొద్దీ మాట కన్నా గదే ఎక్కువగా వినిపిస్తుంది.

కిటికీ మనిషి వెనుక ఉండకూడదు, ముఖం నల్లబడుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) కనుక షట్టరు వేగం, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 వంతు ఉంచండి. లేకపోతే కొన్ని ఎల్‌ఈడీ బల్బుల వెలుగులో తెర మీద చారలు పాకుతాయి.

ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నడుమ కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు.

ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోను లెన్సుకు మన ఉక్కపోతలో ఆవిరి పడుతుంది. అది పూర్తిగా ఆరేవరకు ఆగండి.