థాయిలాండ్ చిన్న దీవులు: చివరి బోటు నుంచి వెనక్కి లెక్కేసుకోండి

థాయిలాండ్ దీవులకు వెళ్లేవాళ్లు చాలామంది ముందు హోటల్ ఫొటోలు చూస్తారు. ముందు చూడాల్సింది క్యాలెండరు. ఆ దేశానికి రెండు పక్కలా సముద్రమే, రెండు పక్కలా వానాకాలం ఒకటి కాదు. పడమట అండమాన్ సముద్రంలో ఫుకెట్, క్రాబి, కో లాంటా, కో లీపే ఉన్నాయి. మనకు వానలిచ్చే నైరుతి రుతుపవనాలే మే నుంచి అక్టోబరు దాకా అక్కడి నీళ్లను కుదిపేస్తాయి. తూర్పున థాయిలాండ్ సింధుశాఖలో కో సముయి, కో ఫంగాన్, కో తావ్ ఉన్నాయి. అక్కడ గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, నవంబరులో మరీ ఎక్కువ. కంబోడియా సరిహద్దు దగ్గరున్న కో చాంగ్, కో మాక్, కో కూడ్ సింధుశాఖలోనివే అయినా, వాటి వానలు అండమాన్ వైపు నెలల్లోనే పడతాయి.

మన సెలవులతో కలిపి చూస్తే లెక్క తేలిక. సంక్రాంతికైతే అండమాన్ వైపు నిశ్చింతగా వెళ్లొచ్చు. మే, జూన్ వేసవి సెలవులకు సముయి వైపు నయం. దసరా మాత్రం ఎటూ కలిసిరాదు. అటు నైరుతి ఇంకా పూర్తిగా పోదు, ఇటు వానలు మొదలవుతుంటాయి. దసరాకే వెళ్లక తప్పదంటే వంతెన ఉన్న ఫుకెట్‌కో, విమానాశ్రయం ఉన్న సముయికో పోవడం మేలు. బోట్లు ఆగిపోయినా ఇరుక్కుపోరు. జూలైలో అండమాన్ చిన్న దీవిలో గది సగం ధరకు దొరికిందని సంబరపడొద్దు. అప్పుడు చాలా రిసార్టులు మూసేసి ఉంటాయి, బోట్లు తగ్గిపోతాయి, నడిచే బోటు కూడా ఏ పూట రద్దవుతుందో చెప్పలేం.

కో లీపే దారి

ఉదాహరణకు కో లీపే తీసుకుందాం. మలేషియా సరిహద్దు దగ్గర, సతూన్ జిల్లాలో, తరుతావ్ జాతీయ సముద్ర పార్కు పక్కన ఉండే చిన్న దీవి ఇది. విమానాశ్రయం లేదు. బ్యాంకాక్ నుంచి హాట్ యాయ్‌కి విమానంలో గంటన్నర, అక్కడి నుంచి పాక్ బారా రేవుకు వ్యానులో సుమారు రెండు గంటలు, రేవు నుంచి స్పీడ్‌బోటులో మరో గంటన్నర. సీజన్లో కూడా చివరి బోటు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వెళ్లిపోతుంది. చీకటి పడ్డాక ఎంత డబ్బిచ్చినా మామూలు ప్రయాణికులకు బోటు లేదు.

అక్కడి నుంచి వెనక్కి రండి. మూడున్నర బోటుకు రెండున్నరకల్లా రేవులో ఉండాలి. అంటే పన్నెండుకు హాట్ యాయ్‌లో వ్యాను కదలాలి, పదకొండుకల్లా విమానం దిగాలి, తొమ్మిదింటికే బ్యాంకాక్‌లో ఎగరాలి. హైదరాబాద్ నుంచి రాత్రి బయలుదేరి తెల్లవారుజామున బ్యాంకాక్‌లో దిగితే ఇది అందుతుందా? కాగితం మీద అందినట్టే ఉంటుంది. కానీ ఇమిగ్రేషన్ వరుసకే గంట పట్టొచ్చు. పైగా బ్యాంకాక్‌కు రెండు విమానాశ్రయాలు: సువర్ణభూమి, డాన్ మువాంగ్. చౌక దేశీయ విమానాలు ఎక్కువగా డాన్ మువాంగ్ నుంచే నడుస్తాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి ట్రాఫిక్‌లో గంటన్నర సులువుగా పోతుంది. తర్వాతి టికెట్ చూపిస్తే ఉచిత షటిల్ బస్సు ఉంది, అది ట్రాఫిక్‌ను తప్పించలేదు కదా. కాబట్టి మొదటి రాత్రి బ్యాంకాక్‌లోనో హాట్ యాయ్‌లోనో పడుకోండి. బ్యాంకాక్‌లో పడుకున్నా, మర్నాడు ఉదయం ఎనిమిదింటి విమానం ఎక్కితే మూడున్నర బోటు హాయిగా అందుతుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకా జాగ్రత్త కావాలి. దీవి నుంచి బోటు దిగిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. గాలి లేచి చిన్న బోట్లను ఆపేస్తే టికెట్ డబ్బు పోతుంది. ఆఖరి రాత్రి దీవి దాటి ప్రధాన భూభాగంలోనే ఉండాలి.

ఇంకొక తిరకాసు ఉంది. లీపే అండమాన్ వైపు దీవే గానీ, దారిలోని హాట్ యాయ్ సింధుశాఖ వైపు వానల్లో ఉంటుంది. 2025 నవంబరులో ఆ నగరం వరదల్లో మునిగింది. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే దీవి వాతావరణంతో పాటు హాట్ యాయ్ వాతావరణం కూడా చూసుకోండి. లేదంటే త్రాంగ్ నగరం మీదుగా వెళ్లండి. సీజన్లో కో లాంటా నుంచి కో న్గాయ్, కో మూక్, కో క్రదాన్ మీదుగా లీపే దాకా దీవి నుంచి దీవికి బోట్లు నడుస్తాయి. ఖర్చు ఎక్కువే అయినా, రెండు మూడు దీవులు చూడాలనుకునేవాళ్లకు ఇదే మంచి దారి.

కాగితాల సంగతి తక్కువే. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పైసా కట్టక్కర్లేదు. డబ్బడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. భారతీయుల వీసా నియమాలు ఈమధ్య చాలాసార్లు మారాయి, టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైటు చూడండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింటు తీసి పెట్టుకోండి.

బోటులో

స్పీడ్‌బోటు ముందు భాగంలో కూర్చుంటే అల పడ్డప్పుడల్లా నడుముకు దెబ్బ. వెన్నునొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు వెనక, ఇంజిన్లకు దగ్గర్లో కూర్చోవాలి. శబ్దం ఎక్కువ, కుదుపు తక్కువ. గర్భిణులైతే అసలు స్పీడ్‌బోటు మానేసి పెద్ద ఫెర్రీ ఉన్న దీవినే ఎంచుకోవడం మంచిది. వాంతులయ్యేవాళ్లు మాత్రను బోటెక్కడానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తుంది.

చాలా దీవుల్లో జెట్టీ ఉండదు. లీపేలో స్పీడ్‌బోటు తీరానికి దూరంగా తేలే వేదిక దగ్గర ఆగితే, అక్కడి నుంచి పొడవు తోక పడవ (లాంగ్‌టెయిల్, పొడవాటి కడ్డీ ఇంజిన్ ఉన్న చెక్క పడవ) మనిషికి కొన్ని పదుల బాత్ తీసుకుని ఒడ్డుకు చేరుస్తుంది. చివరి నాలుగడుగులు మోకాళ్ల లోతు నీళ్లలో నడవాల్సిందే. అందుకే ఆ రోజు జీన్స్, చీర వద్దు. మోకాళ్లపైకి మడవగల ప్యాంటు, చేత పట్టుకునే చెప్పులు చాలు. చక్రాల సూట్‌కేసు ఇసుకలో ఒక్క అడుగు కదలదు, భుజాన వేసుకునే బ్యాగు తీసుకెళ్లండి. పాస్‌పోర్టు, ఫోను, డబ్బు నీళ్లు దూరని డ్రై బ్యాగులో పెట్టి ఒంటి మీదే ఉంచుకోవాలి.

పొడవు తోక పడవ ముక్కుకు రంగు రిబ్బన్లు, పూలదండలు కట్టి ఉంటాయి. పడవను కాచే అమ్మవారు మే యా నాంగ్‌కు అది స్థానం. మన జాలర్లకు గంగమ్మ ఎలాగో వాళ్లకు ఆమె అలాగ. ఫొటో కోసం దాని మీద కాలు పెట్టొద్దు, కూర్చోవద్దు.

నీళ్లలో

అండమాన్ వైపు ఆటుపోట్ల తేడా రెండు మీటర్లు దాటే రోజులుంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు మరీ ఎక్కువ. అంటే గోడ మీది తెలుగు క్యాలెండరే ఇక్కడ పనికొస్తుంది. ఆ రోజుల్లో ఆటు వేళ కొన్ని బీచుల్లో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి. పోటు మొదలైన రెండు మూడు గంటలకు ఈతకు దిగితే బాగుంటుంది. కో మూక్‌లోని మరకత గుహకు వెళ్లేముందు కూడా ఆటుపోట్లు చూసుకోవాలి. ఎనభై మీటర్ల చీకటి సొరంగంలో ఈదుకుంటూ వెళ్తే కొండల మధ్య చిన్న బీచు వస్తుంది. పోటు బాగా ఎక్కినప్పుడు సొరంగం కప్పుకూ నీటికీ మధ్య సందు తగ్గిపోతుంది, లోపలికి వెళ్లకూడదు. లైఫ్ జాకెట్, టార్చి పట్టుకున్న పడవవాడు లేకుండా ఎప్పుడూ వెళ్లొద్దు. పొద్దున్నే వెళ్తే టూర్ బోట్ల గుంపు తప్పుతుంది.

ఈత రాకపోయినా స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టంతో తేలుతూ నీళ్లలోకి చూడటం) చేయొచ్చు, లైఫ్ జాకెట్ బెల్టులు మాత్రం బిగించుకోవాలి. అసలు ఇబ్బంది మాస్కుతోనే. టూరువాళ్లిచ్చే మాస్కును పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, చెయ్యి వదిలేయండి. పడిపోకుండా అతుక్కుంటే సరిపోయినట్టు. జారిపోతే ఇంకొకటి అడగండి. మీసాలవాళ్లకు పైపెదవి దగ్గర నీళ్లు కారతాయి, అక్కడ కాస్త వాజిలైన్ రాస్తే ఆగుతుంది. వెంట్రుకలు అంచు కింద పడకూడదు. పట్టీ ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవద్దు, అతిగా బిగిస్తే అంచు వంకరపోయి ఇంకా కారుతుంది. అద్దం మంచు పట్టకుండా రెండు చుక్కల బేబీ షాంపూ రుద్ది కడగండి. చుడీదార్, కాటన్ టీషర్టు తడిస్తే బరువెక్కి కిందికి లాగుతాయి. పొడవు చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్స్ వేసుకుంటే వీపు కాలదు, సన్‌స్క్రీన్ కూడా తక్కువ చాలు.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, బ్యుటైల్‌పారాబెన్, 4-మిథైల్‌బెంజిలిడీన్ క్యాంఫర్ ఉన్నవి 2021 నుంచి థాయ్ సముద్ర పార్కుల్లో నిషిద్ధం, జరిమానా లక్ష బాత్‌ల దాకా ఉంటుంది. జింక్ ఆక్సైడ్ రకం తీసుకుంటే సరిపోతుంది. లీపే టూర్లలో ఆపే జాబాంగ్ దగ్గర మెత్తని పగడాలు అందంగా ఉంటాయి గానీ ప్రవాహం గట్టిది. అక్కడ కట్టిన తాడు వదలొద్దు. హిన్ న్గామ్ దీవి నల్లటి నున్నని గులకరాళ్లు జేబులో వేసుకుంటే శాపం తగులుతుందని బోర్డే పెట్టారు. శాపం మాట అటుంచితే, పార్కులోంచి రాయి గానీ గవ్వ గానీ తేవడం నేరం.

తిండి, డబ్బు, మందులు

శాకాహారులకు కూరగాయల వేపుడులోనూ చేపల సాస్, రొయ్యల ముద్ద వచ్చిపడతాయి. "మాంసం వద్దు" అంటే వాళ్లకు చేపల సాస్ గుర్తుకురాదు. "కిన్ జే" (పూర్తి శాకాహారమే తింటాను) అనాలి, దానికి తోడు "మై సాయ్ నామ్ ప్లా, మై సాయ్ కపి" అని చేపల సాస్, రొయ్యల ముద్ద వద్దని చెప్పాలి. జే తిండిలో గుడ్డు, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది జే దుకాణం. చిన్న దీవుల్లో ఇలాంటివి తక్కువ కాబట్టి పొడులు, రెడీ టు ఈట్ ప్యాకెట్లు కొన్ని వెంట ఉంచుకోండి. త్రాంగ్, సతూన్ దీవుల్లో ముస్లిం ఊళ్లు ఎక్కువ. బీచు దాటి ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఈత బట్టల మీద ఏదైనా కప్పుకోండి.

రూపాయలను బ్యాంకాక్‌లోనే మార్చుకోవాలి, దీవిలో రేటు గిట్టదు. విదేశీ కార్డుకు ఏటీఎం ప్రతిసారీ 220 బాత్‌ల పైనే తీసుకుంటుంది, క్రదాన్ లాంటి చోట ఏటీఎం మీద ఆధారపడనే కూడదు. పార్కు రుసుము తరుతావ్‌లో విదేశీ పెద్దలకు 200 బాత్‌లు, అండమాన్ వైపే ఉన్న సిమిలన్ దీవుల పార్కులో 500. రసీదు పారేయొద్దు, మళ్లీ అడుగుతారు. స్కూటరు అద్దెకు తీసుకుంటే పాస్‌పోర్టు తాకట్టు పెట్టొద్దు. మోటార్‌సైకిల్‌కు చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే ప్రమాదంలో బీమా పైసా ఇవ్వకపోవచ్చు.

లీపేలాంటి చోట చిన్న ఆరోగ్య కేంద్రమే ఉంటుంది, పెద్ద సమస్యకు బోటులో ప్రధాన భూభాగానికి తీసుకురావాలి. అందుకే జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్, దోమల మందు, గాయాల లేపనం మీ దగ్గరే ఉండాలి. సముయి, ఫంగాన్ వైపు బాక్స్ జెల్లీఫిష్ అనే విషపు సముద్ర జీవి కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. అక్కడి బీచుల్లో స్తంభాలకు వెనిగర్ సీసాలు పెట్టేది అందుకే. కుట్టినచోట రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. వెనిగర్ కనీసం అర నిమిషం ఆపకుండా పోసి, అతుక్కున్న పోగులను తర్వాత తీయాలి. ఊపిరి కష్టమైనా, స్పృహ తప్పినా వెంటనే 1669కి ఫోన్ చేయించాలి, అది థాయిలాండ్ అంబులెన్స్ నంబరు. స్పృహ తప్పి ఊపిరి కూడా ఆగిపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం) మొదలుపెట్టాలి.