బాలాపూర్ బస్తీలో గర్భిణిని ఆస్పత్రి దాకా చేర్చడం ఎలా

మయన్మార్‌లోని రఖైన్‌లో రోహింగ్యా ముస్లింలు పక్క ఊరి ఆస్పత్రికి వెళ్లాలన్నా అనుమతి కాగితం కావాలి, దారిలో చెక్‌పోస్టులు దాటాలి. అక్కడ చాలామందికి కాన్పంటే ఇంట్లో మంత్రసానే. 2012లోనూ, 2017 ఆగస్టు తర్వాతా అక్కణ్నుంచి పారిపోయి హైదరాబాద్‌లోని బాలాపూర్ చేరినవాళ్లతో పాటు ఆ భయమూ వచ్చింది. అందుకే బస్తీలో తిరిగే వలంటీర్లు ‘ఆస్పత్రి కాన్పు మంచిది’ అని మొదలుపెడితే లాభం లేదు. అది గర్భిణికీ తెలుసు. కాగితాలు అడిగి పట్టిస్తారేమోనన్నదే ఆమె దిగులు.

ముందు తేదీ తేల్చండి. చివరి నెలసరి ఎప్పుడంటే చాలామంది చెప్పలేరు. “ఆపా, రంజాన్‌లో ఏ రోజాలు వదిలేశారు? మొదట్లోవా, చివర్లోవా?” అని అడగండి. నెలసరిలో రోజా ఉండరు కాబట్టి ఆ రోజులు గుర్తుంటాయి. బక్రీద్‌కు ముందా వెనకా అని అడిగినా దారి దొరుకుతుంది. క్యాలెండర్‌లో ఆ తేదీ చూసి, తొమ్మిది నెలల ఏడు రోజులు కలపండి. మూడు నెలల్లోపు తీసిన స్కానింగ్ ఉంటే దాన్నే నమ్మండి. ఎనిమిదో నెల స్కానింగ్‌లో తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది.

తర్వాత ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని పట్టణ ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించండి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) ఇచ్చిన కార్డులో ఉన్న స్పెల్లింగే తల్లీబిడ్డల కార్డులోనూ పడాలి. నగదు పథకాలకు ఆధార్, బ్యాంకు ఖాతా అడుగుతారు. అవి లేని మనిషిని డబ్బు ఆశపెట్టి తీసుకెళ్తే మళ్లీ రమ్మన్నా రాదు. మాట చెప్పడానికి భర్తను కాదు, ఉర్దూ వచ్చిన ఆడమనిషిని పంపండి. తెల్లబట్ట సంగతి, పాత గర్భస్రావం సంగతి మగవాళ్ల ముందు బయటికి రావు.

రక్తంలో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనతే. 7 దిగితే పెద్దాస్పత్రే. ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. క్యాల్షియంకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. చాయ్ వెంట మింగితే ఒంటికి పట్టదు. మలం నల్లబడుతుందని మొదటిరోజే చెప్పండి, అది చూసి బెదిరి మానేసేవాళ్లు ఎక్కువ. తల్లి బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి.

తొమ్మిదో నెల రాగానే ప్రయాణం ఖాయం చేయండి. 108కి గల్లీ పేరు చాలదు, అంబులెన్స్ ఆగగల మసీదో, దుకాణమో చెప్పాలి. అది ఆలస్యమైతే ఏ ఆటో, రాత్రి పెద్దపిల్లల్ని ఎవరు చూస్తారు, రక్తం ఎవరిస్తారు, పేట్లబుర్జు ఆస్పత్రికి తోడెవరు: ఇవన్నీ పేర్లతో సహా రాసుకోండి. తలనొప్పితో కళ్లు మసకబారినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడొద్దు. ఇంట్లో నొప్పులు పెంచే ఇంజెక్షన్ ఎవరిచేతా వేయించొద్దు, గర్భసంచి చిట్లిపోవచ్చు.

అడ్మిషన్ కౌంటర్‌లో ఆధార్ లేదని ఆపితే గొడవపడకుండా ఆస్పత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్ (ఆర్‌ఎంవో)ను అడగండి. రాజ్యాంగం 21వ అధికరణం పౌరులకే కాదు, మనిషన్న ప్రతివారికీ వర్తిస్తుంది. ప్రభుత్వాస్పత్రి అత్యవసర వైద్యం నిరాకరించడం దాన్ని ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

కాన్పయ్యాక 48 గంటలు అక్కడే ఉంచండి, ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం ఎక్కువగా మొదటి రోజే. డిశ్చార్జికి ముందే జనన రిజిస్టర్‌లో తల్లి పేరు స్పెల్లింగ్ చూసుకోండి. నమోదుకు 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే అదనపు కాగితాలు తప్పవు.