ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వింత శబ్దం: సామాను మార్చే ముందు కారణం కనుక్కోవడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో జీపులకు, థార్‌లకు, బొలెరోలకు కావలసిన సామాను దాదాపు అంతా దొరుకుతుంది. అది మనకు గొప్ప వసతే అయినా, శబ్దం వినగానే అనుమానం వచ్చిన భాగాన్ని మార్చేసే అలవాటు కూడా దానివల్లే పెరిగింది. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఈ అలవాటు మరీ ఖరీదైనది. మామూలు జీపులో ఉండే వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుకు (గేర్‌బాక్సు నుంచి చక్రాల వైపు శక్తిని మోసే తిరిగే గొట్టం), వెనుక డిఫరెన్షియల్‌కు (మలుపులో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల జత) తోడు ఇందులో ముందు షాఫ్టు, ముందు డిఫరెన్షియల్, రెండింటికీ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటాయి. పైగా ఛాసిస్ ఇనుము శబ్దాన్ని మోసుకుపోతుంది కాబట్టి వెనుక డిఫరెన్షియల్ హౌసింగులో, అంటే దాని ఇనుప పెట్టెలో, పుట్టిన హోరు ముందు సీటు కింద నుంచి వస్తున్నట్టు అనిపించవచ్చు. కాబట్టి శబ్దం ఎక్కడ వినిపిస్తున్నదనే దానికంటే ఏ పరిస్థితిలో మారుతున్నదనేదే మనం ముందుగా తేల్చుకోవాలి.

రోడ్డు మీదికి వెళ్లే ముందు చక్రాలను లోపలివైపు కూడా శుభ్రంగా కడగాలి. మన నల్లరేగడి మట్టి రిమ్ముల లోపల పట్టుకుని ఎండిపోతే బ్యాలెన్సు తప్పి, వేగం పెరిగిన కొద్దీ బండి అదురుతుంది. దీన్ని షాఫ్టు లోపంగా పొరబడడం చాలా సులభం. నాలుగు టైర్ల సైజు, గాలి, అరుగుదల ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

రద్దీ లేని వేళ తిన్నగా ఉన్న రోడ్డు మీద అద్దాలు దించి నడపండి. పక్కన పొడవైన ప్రహరీగోడ ఉంటే శబ్దం దానికి తగిలి తిరిగి వచ్చి మరింత స్పష్టంగా వినిపిస్తుంది. అరవై కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజన్ ఆపకుండా బండిని దానంతట దాన్ని సాగనివ్వాలి. ఇంజన్ ఆపితే స్టీరింగు, బ్రేకులు బిగుసుకుంటాయి కాబట్టి ఆ పని ఎన్నడూ చేయకూడదు. న్యూట్రల్‌లో ఇంజన్ వేగం తగ్గగానే శబ్దం పోతే ఇంజన్, క్లచ్, గేర్‌బాక్సుల వైపు వెతకాలి. బండి వేగంతోపాటే కొనసాగితే టైర్లు, బేరింగులు, షాఫ్టులు, డిఫరెన్షియల్‌లను అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుయ్‌మని, వదలగానే ఆగిపోయే శబ్దం చాలావరకు డిఫరెన్షియల్‌లోని పెద్ద గేర్ల జత అయిన క్రౌన్ పినియన్‌దే. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే హోరు స్వరం మారితే అది టైరుదే. బేరింగు శబ్దానికి రోడ్డుతో పెద్దగా సంబంధం ఉండదు. స్టీరింగును కొద్దిగా కుడికి తిప్పినప్పుడు హోరు పెరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతున్నదని గుర్తుపెట్టుకుని ముందుగా ఎడమ బేరింగును చూడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు టకటకమంటే ముందు యాక్సిల్ జాయింటు అరిగిందనుకోవాలి.

పొడి తారు రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ శక్తి అందే స్థితిలో) మలుపు తిప్పినప్పుడు వచ్చే బిగింపు, టక్కుమనే శబ్దం లోపం కాదు. థార్, జిమ్నీ వంటి బండ్లలో ముందు వెనుక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టులలో ఒత్తిడిగా పేరుకుంటుంది. తిన్నగా కొద్దిదూరం వెనక్కి నడిపి టూ హైకి (వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే స్థితికి) మార్చితే అది వదులుతుంది. ఫోర్ హై బురదకు, ఇసుకకు ఉద్దేశించినది.

గేరు వేయగానే టక్కుమనడం, నడక వేగంలో లయగా కిచకిచమనడం ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ (షాఫ్టు చివర వంగనిచ్చే కీలు) అరిగిందనడానికి గుర్తులు. సమతలంలో చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజన్ ఆపి, క్రాస్‌కు ఇరువైపులా పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూడండి. షాఫ్టు మొత్తం కొద్దిగా తిరగడం గేర్ల మధ్య సహజంగా ఉండే ఖాళీ. క్రాస్ దగ్గరే కదలిక ఉంటే దాన్ని మార్చవలసిందే. కదలిక లేకుండా కిచకిచ మాత్రమే ఉంటే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టించండి. షాఫ్టు విప్పే ముందు రెండు వైపులా పెయింటుతో గుర్తు పెట్టించడం మరవకండి, లేకపోతే తిరిగి బిగించినప్పుడు కొత్త అదురు మొదలవుతుంది.

చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు మీద ఆనించి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి: కదలిక ఆగితే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు (ముందు చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే గుండ్రని కీలు). ఒక్క చక్రాన్ని మాత్రమే లేపి ఇంజన్‌తో గేరులో తిప్పకూడదు; నేల మీది చక్రాలకు శక్తి అంది బండి ముందుకు దూకుతుంది.

చివరగా డిఫరెన్షియల్ ఆయిల్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నానాయి. పాత బండి కొనేవారు ఈ ఆయిల్ పరీక్ష తప్పక చేయించాలి. హౌసింగు మీది గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే, వేడిగా ఉన్న హౌసింగు నీటిలో చల్లబడినప్పుడు సీళ్ల గుండా నీటిని లోపలికి లాగుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరిందని అర్థం. ఆయిల్ దింపే ముందు, నింపడానికి ఉండే పై బోల్టు తెరుచుకుంటుందో లేదో చూసుకోండి, లేకపోతే ఖాళీ చేశాక మళ్లీ నింపే దారి ఉండదు. ఆయిల్ దింపే కింది బోల్టుకు ఉండే అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకోవడం సహజమే. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే హౌసింగు విప్పించాలి. కొత్త ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో చెప్పినదే వాడాలి, పై రంధ్రం అంచుదాకా నింపాలి, ఆ గాలి గొట్టాన్ని కూడా అప్పుడే శుభ్రం చేయించాలి.