తక్కువ ధర విస్కీలకు మార్కులు వేయడం ఎలా

ఒక్క విస్కీని విడిగా తాగి పదికి ఏడు అని రాసేస్తే ఆ ఏడుకి అర్థం లేదు. దేనితో పోల్చి ఏడు? తక్కువ ధర బాటిళ్ళ మధ్య తేడాలు చిన్నవి, పక్కపక్కన పెట్టుకుంటే తప్ప చాలావరకు దొరకవు. అందుకే గ్లాసుల కన్నా, నోటు పుస్తకం కన్నా ముందు మీకు కావాల్సింది ఒక కొలబద్ద బాటిల్. ఎప్పుడూ సులువుగా దొరికేది, మీరు బాగా ఎరిగినది, మరీ గొప్పదీ మరీ చెత్తదీ కానిది ఒకటి ఎంచుకోండి. దాని మార్కు 5 అని ఖాయం చేసేయండి, ఇక మార్చకండి. మిగతావన్నీ దానికి పైనో కిందో ఉంటాయి.

అయితే కొలబద్ద అదే జాతిది అయ్యుండాలి. పొగ వాసన లేని ఐరిష్ విస్కీ జేమ్సన్‌ని పక్కన పెట్టుకుని, కొంచెం పొగ వాసన ఉండే స్కాచ్ టీచర్స్‌కి మార్కులు వేస్తే మీరు కొలిచేది నాణ్యత కాదు, పొగ వాసన మీకు నచ్చుతుందా లేదా అన్నది మాత్రమే. బర్బన్ అనే అమెరికన్ విస్కీలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి, కాబట్టి తీపి, వెనీలా గట్టిగా తగులుతాయి. స్కాచ్, అంటే స్కాట్లాండ్ విస్కీ, ఎక్కువగా అంతకుముందు బర్బన్‌కో షెర్రీ వైన్‌కో వాడిన పీపాల్లో కనీసం మూడేళ్ళు ఉంటుంది, ఓక్ ప్రభావం మెల్లగా వస్తుంది. రెండిటికీ రెండు కొలబద్దలు పెట్టుకోండి. మీకు వేర్వేరు విస్కీలు కలిపి చేసే బ్లెండెడ్ స్కాచ్ తప్ప వేరేదాని మీద ఆసక్తి లేకపోతే ఒకటి చాలు, హాయి.

కొనేటప్పుడు లేబుల్ మీద చూడాల్సినవి తక్కువే. స్కాచ్ మీద 12 అని ఉంటే అందులో అన్నిటికన్నా చిన్న వయసు విస్కీకి 12 ఏళ్ళు నిండాయని. అంకె లేకపోతే చెడ్డదని కాదు, వయసు చెప్పడం ఇష్టం లేదని. అమెరికన్ బాటిల్ మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని కనిపిస్తే నేనైతే వదలను: 1897 నాటి చట్టం అది, ఒకే డిస్టిలరీలో ఒకే సీజన్‌లో తీసి, కనీసం నాలుగేళ్ళు పీపాలో పెట్టి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో నింపాలి. తక్కువ ధర బాటిల్ మీద ఇంత గట్టి హామీ ఇంకోటి కనపడటం అరుదు. ‘రిజర్వ్’, ‘స్పెషల్’, ‘ఓల్డ్’ లాంటి మాటలు మాత్రం చదివి నవ్వుకోండి.

గ్లాసు విషయానికొస్తే, పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్నది ఏదైనా పనికొస్తుంది. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ అనే విస్కీ గ్లాసు ఇందుకోసమే చేసింది, లేకపోతే చిన్న వైన్ గ్లాసు పెట్టుకోండి. వెడల్పు మూతి టంబ్లర్ ఐస్ వేసుకుని కూర్చోవడానికి బాగుంటుంది గానీ వాసన అందులో నిలవదు. ముఖ్యం ఏంటంటే అన్ని గ్లాసులూ ఒకేలా ఉండాలి.

ఒక విడతకు నాలుగు గ్లాసులు, ఒక్కో దానిలో 15 మి.లీ. అంతకు మించొద్దు. నాలుగు కలిపితే 60 మి.లీ. అవుతుంది, ఆ తర్వాత నాలుక మొద్దుబారి అన్నీ మంచివే అనిపిస్తాయి, అలాంటి మార్కులు రాసినా దండగే. రుచి చూసి ఉమ్మేయడంలో తప్పేమీ లేదు, వృత్తిగా చేసేవాళ్ళు చేసేది అదే. జలుబు ఉన్న రోజు, కారంగా తిన్న వెంటనే, సెంటు రాసుకున్నప్పుడు మొదలుపెట్టకండి. ఉమ్మేసినా సరే, ఆ పూట బండి మాత్రం తీయకండి.

ఇప్పుడు అసలు పని. లేబుల్ కనపడకూడదు. ఎవరైనా తోడుంటే వాళ్ళనే పోయమనండి, మీరు వేరే గదిలో ఉండండి. ఒక్కరే అయితే గ్లాసుల అడుగున పేర్లు రాసిన స్టిక్కర్లు అంటించి, పోసి, కళ్ళు మూసుకుని అటూ ఇటూ మార్చేయండి. రంగు చూసి కూడా మోసపోతాం, ముదురు రంగు ఉంటే పాతదేమో అనిపిస్తుంది. స్కాచ్‌లో ఇ150ఎ అనే కారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది, కాబట్టి రంగు మీకు చెప్పేది ఏమీ లేదు. లైటు తగ్గించుకోండి.

ఇంకో చిన్న మెలిక, దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు: నాలుగు గ్లాసుల్లో రెండిట్లో మీ కొలబద్ద విస్కీనే పోయండి. తీరా స్టిక్కర్లు తిప్పి చూస్తే ఒకదానికి 5, రెండోదానికి 7 ఇచ్చి ఉంటారు. ఆ రెండు మార్కుల తేడా విస్కీది కాదు, మీ ముక్కుది. అంటే ఆ రోజు మిగతా రెండు బాటిళ్ళ మధ్య రెండు మార్కుల తేడా వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. ఆ పేజీ మీద గీత కొట్టి మరో రోజు చూడండి. రెండిటికీ ఇంచుమించు ఒకే మార్కు పడటం మొదలయ్యాక మీ మార్కుల మీద మీకే ధైర్యం వస్తుంది.

ముక్కు గ్లాసులో దూర్చేయకండి, ఆల్కహాల్ ఘాటుకి వెంటనే మొద్దుబారుతుంది. గ్లాసు గడ్డం దగ్గర పెట్టి, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తెండి. ముందుగా లోపాలు వెతకండి, తక్కువ ధర విస్కీలో అవే ఎక్కువ చెబుతాయి. గోళ్ళ రంగు చెరిపే ద్రావకం వాసన గుప్పుమంటే అది ఇథైల్ అసిటేట్, కొంచెం ఉంటే పండు వాసనలా బాగానే ఉంటుంది, ఎక్కువైతే భరించలేం. ఆ తర్వాత మంచివి: వెనీలా, కొబ్బరి, లవంగం, ఈ మూడూ ఓక్ చెక్క నుంచి వచ్చేవే. అరటిపండు, పియర్ లాంటివి ఎస్టర్లు అనే వాసన పదార్థాల వల్ల. పొగ అయితే మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, ఆరబెట్టేటప్పుడు కాల్చిన పీట్ అనే బురదనేల మట్టి నుంచి. ఎవరో రాసిన పెద్ద పెద్ద వర్ణనలు అరువు తెచ్చుకోవద్దు, మీకు తడి అట్టముక్క గుర్తొస్తే తడి అట్టముక్క అనే రాయండి.

మొదటి గుక్క లెక్కలోకి రాదు, అది నోటికి అలవాటు చేయడానికే. రెండోది నోట్లో కాసేపు తిప్పి మింగాక, మంట తగ్గిన తర్వాత ఏం మిగిలిందో చూడండి. తక్కువ ధర విస్కీల్లో నేను ఎక్కువ మార్కులు దీనికే ఇస్తాను. మొదట తీయగా ఊరించి, పది సెకన్లలో చేదు తప్ప ఏమీ మిగల్చనివి బోలెడు.

నీళ్ళ మాట. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ సిమ్యులేషన్‌తో చూపించిందేంటంటే, ఆల్కహాల్ బాగా ఎక్కువున్నప్పుడు గ్వాయకాల్ అనే పొగ వాసన పదార్థం ద్రవం లోపలే ఉండిపోతుంది, నీళ్ళు కలిపి 45 శాతానికి, ఆ లోపుకి దింపితే పైకి చేరుతుంది. అలాగని 40 శాతం బాటిల్‌లో నీళ్ళు గుమ్మరించకండి, ఫ్యాక్టరీలో ఆ పని ఎప్పుడో అయిపోయింది, డ్రాపర్‌తో రెండు చుక్కలు చాలు. వైల్డ్ టర్కీ 101 అనే బర్బన్ లాంటి 50.5 శాతం విస్కీని 40 శాతం దాని పక్కన పెట్టినప్పుడు మాత్రం 15 మి.లీ.కి దాదాపు 4 మి.లీ. నీళ్ళు కలిపి సమం చేసి ఒకసారి, మామూలుగా ఒకసారి చూడండి. లేకపోతే ఘాటుదే గెలుస్తుంది.

వందకి మార్కులు వేసే పద్ధతి నాకు నచ్చదు, అందరూ 80కీ 90కీ మధ్యే తిరుగుతుంటారు, కింద ఉన్న ఎనభై అంకెలు ఎందుకున్నట్టు? పదికి వేయండి, ప్రతి అంకెకీ ఒక పని కేటాయించండి. 6 అంటే కొలబద్ద కన్నా ముందు దీన్నే అందుకుంటాను. 7 అంటే అయిపోగానే ఇంకోటి కొంటాను. 8 ఈ ధరల్లో అరుదు, ఇచ్చేముందు రెండోసారి తాగండి. 4 సోడాతో సరే. 3 అంటే సోడా కూడా కాపాడలేదు. ధరని ఈ మార్కులో కలపొద్దు, స్టిక్కర్లు తిప్పి చూశాక పక్కన వేరుగా రాయండి. ‘ఈ డబ్బుకి బాగుంది’ అనే జాలి మార్కు ఒకసారి దూరిందంటే మొత్తం జాబితా పాడైపోతుంది.

ప్రతి బాటిల్‌కీ కనీసం రెండుసార్లు మార్కు వేయండి, మూత తీసిన కొత్తలో ఒకసారి, సగానికి వచ్చాక ఒకసారి. లోపలికి గాలి చేరే కొద్దీ కొన్నిటిలో మొదటి ఘాటు తగ్గుతుంది, కొన్ని చప్పబడిపోతాయి. రెండు అంకెలూ తేదీతో సహా ఉంచండి, సగటు తీయకండి. బాటిల్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది, ఎండ అసలు తగలనివ్వద్దు. 4 వచ్చినవాటిని ఒకచోట పెట్టుకుని, ఇదే పద్ధతిలో లేబుల్ దాచి, ఈసారి ఐసూ సోడాతో పోటీ పెట్టండి. ఏమీ కలపకుండా తాగినప్పుడు మంట అనిపించిన ఘాటు అక్కడ పనికొస్తుంది, వరుస తారుమారవుతుంది, కాబట్టి ఆ మార్కులకి వేరే పేజీ కేటాయించండి.