మామిడాకు మాడింది: పొగా, ఉప్పా, పోషక లోపమా?

పైడిభీమవరం, బొబ్బిలి, గరివిడి లాంటి పరిశ్రమల ఊళ్ల దగ్గర తోటలో ఆకు మాడితే అనుమానం ముందు పొగ మీదకే పోతుంది. ఒక్క ఆకు చూసి తేల్చకండి. మాడింది లేతాకా ముదురాకా, ఏ వైపు కొమ్మ, పక్కనున్న గుమ్మడి, చిక్కుడు, కలుపు మొక్కలు ఎలా ఉన్నాయి అన్నవి ముందు చూడాలి.

ఆకు ఈనెల మధ్య తెల్లగా లేదా గోధుమరంగులో మచ్చలు, ఈనెలు మాత్రం పచ్చగా
రెండు మూడు రోజుల్లోనే వచ్చి, పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో ఎక్కువగా ఉండి, పక్కనున్న గుమ్మడికీ తగిలితే పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వాయువుని అనుమానించాలి. అడుగు ఆకుల నుంచి నెమ్మదిగా పసుపెక్కితే మెగ్నీషియం లోపం. లేతాకులే పాలిపోతే ఇనుము లోపం. పొగకు చచ్చిన మచ్చ మళ్లీ పచ్చబడదు, ఏ మందు కొట్టినా దండగే. తడి ఇచ్చి కొత్త చిగురు కోసం ఆగండి.

కొసలు, అంచులు మాడటం
ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మాడిన భాగానికీ పచ్చభాగానికీ మధ్య ఎర్రటి గీత ఉంటే పొగలోని ఫ్లోరైడ్ కావచ్చు. పక్కన గ్లాడియోలస్ పూలమొక్క ఉంటే దాని ఆకు కొసలు ముందే మాడతాయి. కవిటి, సోంపేట వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న కొమ్మలే మాడితే ఉప్పుగాలి. ముదురాకులు అన్ని వైపులా మాడితే పొటాష్ లోపం, లేదా బోరునీళ్ల ఉప్పు. కంటితో తేలకపోతే ఆకులో ఫ్లోరైడ్ (పొగకు గుర్తు), క్లోరైడ్ (ఉప్పుకు గుర్తు) రెండూ పరీక్ష చేయించాలి.

పిందె కొస పసుపై, తర్వాత నల్లగా గట్టిపడటం
దగ్గర్లో ఇటుక బట్టీ ఉందేమో చూడండి. కాయ మీద ఎక్కడపడితే అక్కడ నల్లటి గుంట మచ్చలుంటే అది పక్షికన్ను తెగులు, బట్టీది కాదు. బట్టీ పొగ వల్లయితే బోరాక్స్ లీటరు నీటికి 6 గ్రాములు కలిపి, పిందె కట్టినప్పటి నుంచి 10-15 రోజుల తేడాతో మూడుసార్లు పిచికారీ చేయాలి. నల్లబడ్డ కాయ బాగుపడదు. కొత్త తోటయితే బట్టీకి తూర్పు పడమరల్లో కనీసం 1.6 కి.మీ., ఉత్తర దక్షిణాల్లో 0.8 కి.మీ. దూరం ఉంచాలి.

ఆకు మీద దుమ్ము పొర
తెల్లగుడ్డతో తుడవండి. కింద ఆకు పచ్చగా ఉంటే నీళ్లతో కడిగితే చాలు.

గాలి దిక్కు, నమూనా
జూన్-సెప్టెంబరు నైరుతి గాలికి చిమ్నీకి ఈశాన్యాన ఉన్న చెట్లు, తర్వాతి ఈశాన్య గాలికి నైరుతిన ఉన్నవి ఎక్కువ దెబ్బతినాలి. ఈ లెక్క కుదరకపోతే కారణం తోటలోనే వెతకండి. పరీక్షకు కొమ్మ మధ్యలోని 4-7 నెలల ఆకులు తొడిమతో సహా కోయండి. గాలికి ఎగువన, అంటే పొగ తగలని వైపు, అదే రకం, అదే వయసు చెట్టు నుంచి కూడా తీయాలి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు. సగం కడిగి ఆరబెట్టి, సగం కడగకుండా విడివిడి కాగితపు కవర్లలో పెట్టండి. పాలిథిన్‌లో ఆకులు చెమ్మగిల్లి బూజు పడతాయి. పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు ఫిర్యాదు ఇస్తే తేదీ, గాలి దిక్కు రాసిన ఫొటోలు జతచేయండి.

మాను మీద రాతిపువ్వు లాంటి లైకెన్లు కనబడకపోవడం
గాలి చెడితే లైకెన్లు తగ్గుతాయి. నేలకు మీటరు ఎత్తున, మాను నాలుగు వైపులా 10×50 సెం.మీ. చట్రం పెట్టి, ఐదు గళ్లలో ఎన్నింట ఏ రకం ఉందో రాయండి. సున్నం పూసిన రోడ్డుపక్క చెట్లు దీనికి పనికిరావు. నిన్నటి లీకేజీని లైకెన్లు చెప్పలేవు, ఏళ్ల తరబడి పోల్చడానికే వాడాలి.